చెవికీ గడువులున్నాయి

2011 జనగణనలో వినికిడి లోపం ఉందని నమోదైనవారు దేశం మొత్తమ్మీద సుమారు 50.7 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఆధారంగా మన జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం చెప్పే సంఖ్య 6.3 కోట్లు. రెండింటికీ పన్నెండు రెట్లకు పైగా తేడా. మొదటిది గుమ్మంలో నిలబడిన ఎన్యూమరేటర్ వైకల్యం గురించి అడిగితే వచ్చిన జవాబు. రెండోది చెప్పుకోదగ్గ స్థాయిలో వినికిడి తగ్గినవారు ఎంతమంది ఉండొచ్చో వేసిన లెక్క. కొలబద్దలు వేరు కాబట్టి కొంత తేడా రాక తప్పదు. కానీ టీవీ సౌండు పెంచుకుంటూ పోయే తాతయ్య, పిలిస్తే పలకడం లేదని తిట్లు తినే రెండో తరగతి పిల్లాడు, ఫోనులో "ఆ, సరే సరే" అనేసి పెట్టేసే మేనత్త ఆ గుమ్మం దగ్గరి జవాబులో ఉండరు. వాళ్లకు ఉన్నది లోపమని ఇంట్లో ఎవరూ అనుకోరు.

ప్రపంచం లెక్కా ఇలాంటిదే. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినికిడి మీద తన మొదటి ప్రపంచ నివేదిక విడుదల చేసింది. దాని ప్రకారం 150 కోట్ల మందికి, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి, ఏదో ఒక మేర వినికిడి తగ్గింది. వీరిలో 43 కోట్ల మందికి చికిత్సో చెవి మిషనో శిక్షణో కావాలి. 2050 నాటికి ఈ రెండు సంఖ్యలూ దాదాపు 250 కోట్లకు, 70 కోట్లకు చేరతాయని అంచనా. మరో అంకె వీటన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది: చెవి మిషన్ వల్ల మేలు పొందగలవారిలో దాన్ని వాడుతున్నది 17 శాతమే. తక్కినవారు ఆలస్యం చేస్తున్నారు, లేదా చేతిలో డబ్బు లేక ఆగిపోతున్నారు, లేదా తమకు అవసరమన్న సంగతే తెలియకుండా ఉన్నారు.

చెవుల గురించి మాట్లాడగానే డెసిబెల్స్ గుర్తొస్తాయి. అవి అవసరమే. అయితే వినికిడి నిలబడుతుందా పోతుందా అన్నది చాలాసార్లు తేలేది కాలం లెక్కలో. వారానికి ఎన్ని గంటలు, బిడ్డ పుట్టి ఎన్ని నెలలు, చెవి మూగబోయి ఎన్ని రోజులు, మిషన్ పెట్టుకోకుండా ఎన్ని ఏళ్లు. ప్రతిదానికీ ఒక గడువు ఉంది.

లోపలి చెవిలో రెండున్నర చుట్లు తిరిగి ఉండే కాక్లియా ఉంటుంది. సాగదీస్తే 35 మిల్లీమీటర్లు. దానిలో పుట్టుకతో ఒక్కో చెవికి సుమారు 15 వేల రోమ కణాలుంటాయి. గాలిలో వచ్చిన కదలికను నరం మోయగలిగే విద్యుత్ సంకేతంగా మార్చేవి ఇవే. కంటిలో కాంతిని పట్టే కణాలు కోట్లలో ఉంటే, ఇవి వేలల్లోనే ఉన్నాయి. పక్షుల్లో ఈ కణాలు చనిపోతే కొత్తవి పుడతాయి, మనుషుల్లో పుట్టవు. వాటి సంగతి పొలంలో వరి లాంటిది: గాలికి వాలిన వరి మర్నాటికి లేచి నిలబడుతుంది గానీ రోజూ తొక్కుతూ పోతే లేవదు. జాతర రాత్రి చెవుల్లో గుయ్‌మన్న మోత పొద్దుటికి తగ్గిందంటే ఈసారికి లేచాయని అర్థం. ప్రతిసారీ అన్నీ లేస్తాయన్న హామీ లేదు.

ఇక డెసిబెల్. ఈ కొలత కూడికల్లో నడవదు, హెచ్చవేతల్లో నడుస్తుంది. 10 పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. 3 పెరిగినా చాలు, శక్తి రెట్టింపు. గుసగుస 30, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60, వంటింటి మిక్సీ 85 దరిదాపు. పెద్దల చెవికి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు భరించదగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. 3 పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. కాబట్టి 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, 89 దగ్గర 5 గంటలు. అలా దిగుతూ వెళితే 100 దగ్గర వారం కోటా 20 నిమిషాల్లో అయిపోతుంది. 110 దగ్గర రెండు నిమిషాల పైచిలుకు.

ఇప్పుడు ఊరేగింపులో డీజే వెనక నడిచే కుర్రాడి సంగతి చూడండి. పెట్టెల దగ్గర 105 డెసిబెల్స్ ఉంటే వారం కోటా ఏడున్నర నిమిషాల్లో తీరిపోతుంది. అతను నడిచేది మూడు నాలుగు గంటలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు బంద్. 55కూ 105కూ తేడా 50. వినడానికి చిన్న అంకె, శక్తిలో మాత్రం లక్ష రెట్లు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు సంప్రదాయం పేరుతో అభ్యంతరాలు వచ్చాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: డప్పుకు, సన్నాయికి ఉన్న చరిత్ర ఆ పెట్టెలకు లేదు, వాటిని ఆపడం సరైన పనే. ఊరేగింపులో ముందు వరుసలో గంతులేసేది ఏడెనిమిదేళ్ల పిల్లలు. వాళ్ల రోమ కణాలు ఇంకో 70 ఏళ్లు పనిచేయాలి.

టపాకాయలకూ చట్టంలో హద్దు ఉంది. పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. దూరం సగమైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది కాబట్టి, నిబంధన పాటించిన టపాకాయే అయినా మీటరు దూరంలో నిలబడ్డ పిల్లకు అది 137. పిల్లల చెవికి ఒక్క పేలుడులో 120 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నిబంధన ఉన్నదే 4 మీటర్ల లెక్కతో. ఆ దూరం పాటించకపోతే దానికి అర్థం లేదు.

పనిచోటు మోత ఇంకా లోతుగా దెబ్బతీస్తుంది, ఎందుకంటే అది రోజూ ఉంటుంది. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లోకి అడుగుపెడితే పక్క మనిషి మాట వినపడదు. పక్కపక్కన ఆడే మగ్గాల మధ్య శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది. మన ఫ్యాక్టరీల మాదిరి నిబంధనలు 90 దగ్గర రోజుకు 8 గంటలు అనుమతిస్తాయి, ఆపైన 5 పెరిగితేగానీ సమయం సగం చేయవు. అంటే 100 దగ్గర 2 గంటలు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు 85 దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి 3కూ సగం. ఆ లెక్కలో 100 దగ్గర 15 నిమిషాలే. ఒకే చెవికి, ఒకే మోతకు ఎనిమిది రెట్ల తేడా. మోత వల్ల వచ్చే చెవుడు చట్టంలో నోటిఫై చేయవలసిన వ్యాధుల జాబితాలో ఉంది. షెడ్డు చిన్నదై, కూలీలు పీస్‌రేటు మీద పనిచేసేచోట అది ఎవరికి నోటిఫై అవుతుంది? గ్రానైట్ కోతలోనూ రైసు మిల్లులోనూ ఇదే సంగతి. చెవిలో దూర్చుకునే ఫోమ్ ప్లగ్గులు చవకైనవి. సరిగా పెట్టుకుంటే మోతను చెప్పుకోదగినంత తగ్గిస్తాయి. చెవిలో దూది పెట్టుకున్నామన్న ధీమా మాత్రం వద్దు, దూది దాదాపు ఏమీ ఆపదు.

ఇయర్‌ఫోన్ గురించి రెండే మాటలు. ఫుల్ వాల్యూమ్‌లో చాలా ఫోన్లు 100 డెసిబెల్స్ చేరతాయి, అందుకే 60 శాతం దాటించవద్దంటారు. బస్సులో మోత మీద పైచేయి కోసం సౌండు పెంచడమే అసలు ప్రమాదం. అక్కడ వినకపోవడం మేలు.

పిల్లల సంగతి దగ్గర ఆగాలి. వినికిడి లోపంతో పుట్టేవారు వెయ్యికి 1 నుంచి 3 వరకు ఉంటారు. చిన్న సంఖ్యే అనిపిస్తుంది గానీ, పుట్టగానే చేసే పరీక్షల్లో పట్టుబడే లోపాల్లో ఇది తరచుగా కనిపించేదే. దీనికి వైద్యులు పెట్టుకున్న గడువు 1-3-6. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు మిషన్, శిక్షణ. మొదటి పరీక్ష ఓఏఈ. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి కొన్ని నిమిషాల్లో ముగిస్తారు, నొప్పి ఉండదు. దానిలో అనుమానం వస్తే బెరా అనే రెండో పరీక్ష. ఈ గడువు ఊరికే పెట్టింది కాదు. 1998లో కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం ఆరు నెలలలోపు లోపం తెలిసిన పిల్లల్నీ ఆ తర్వాత తెలిసినవారినీ పోల్చింది. ముందుగా తెలిసినవారి భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్ విషయంలోనూ మూడున్నరేళ్లలోపు మెదడు శబ్దాన్ని బాగా అందుకుంటుందని, ఏడేళ్లు దాటితే ఆ శక్తి బాగా సన్నగిల్లుతుందని పరిశోధనలు తేల్చాయి.

మన ఇళ్లలో ఏమవుతుంది? పళ్లెం కింద పడితే పాప ఉలిక్కిపడింది, కాబట్టి వినబడుతోంది అంటారు. ఆ చప్పుడు 90 డెసిబెల్స్ పైన ఉండొచ్చు, అమ్మ మాట 60. "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని నాయనమ్మ అంటుంది. ప్రేమతో అన్నమాటే, అయితే ఆ మాటమీద రెండేళ్లు గడిచిపోతాయి. ఏడాదికి "అమ్మ", "అత్త" లాంటి మాటలు రాకపోయినా, వెనక నుంచి పిలిస్తే తిరగకపోయినా వెంటనే బెరా చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా ఉంది. అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందాన్ని అడగవచ్చు. ఆరోగ్యశ్రీ కింద ఉమ్మడి రాష్ట్రంలో ఎందరో పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరిగాయి. అయితే ఆపరేషన్‌తో మాట రాదు. లోపల పెట్టిన పరికరం శబ్దాన్ని అందిస్తుంది, ఆ శబ్దానికి అర్థం నేర్పేది ఏడాది రెండేళ్లపాటు సాగే శిక్షణ. పట్నం దాకా వారం వారం తిప్పలేక, తెగిన కేబుల్ కొనలేక మధ్యలో ఆగిపోయిన కుటుంబాలకు ఆపరేషన్ ఫలం పూర్తిగా దక్కదు. ప్రభుత్వం డబ్బు పెట్టవలసింది అక్కడ కూడా.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో 60 శాతం దాకా నివారించదగినదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 60లో 31 అంటురోగాల వల్ల, 17 కాన్పు సమయపు చిక్కుల వల్ల, 4 చెవికి హానిచేసే మందుల వల్ల, 8 ఇతర కారణాల వల్ల. గర్భిణికి తొలి నెలల్లో రూబెల్లా సోకితే బిడ్డ చెవి, కన్ను, గుండె మూడూ దెబ్బతినవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ల పిల్లలందరికీ తట్టు, రూబెల్లాలను ఆపే ఎంఆర్ టీకా వేసే కార్యక్రమం జరిగింది. దాన్ని జ్వరం తెచ్చే సూదిగా చూసి పిల్లల్ని ఆ రోజు బడి మాన్పించినవారూ ఉన్నారు. ఆ సూది కాపాడేది రేపటి తల్లి కడుపులోని బిడ్డ చెవుల్ని కూడా. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు ప్రాణాలు నిలుపుతాయి, కొందరిలో రోమ కణాలను చంపుతాయి. కుటుంబంలో ఎవరికైనా ఇంజెక్షన్ల తర్వాత చెవులు పోయిన చరిత్ర ఉంటే డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.

తక్కిన 40 శాతంలో జన్యువులది పెద్ద వాటా, అక్కడ మన మేనరికాల మాట రాక తప్పదు. బావామరదళ్ల మధ్య జన్యువులు ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. కనెక్సిన్ 26 అనే ప్రొటీన్ తయారీకి అవసరమైన జన్యువులో లోపం మన దేశంలో పుట్టుచెవుడుకు తరచుగా కనిపించే కారణం. ఆ లోపాన్ని భార్యాభర్తలిద్దరూ మోస్తుంటే, ఇద్దరి చెవులూ బాగానే ఉన్నా, ప్రతి కాన్పులో బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో ఇలా జరగదు. అయితే ఇంట్లో ఇప్పటికే అలాంటి బిడ్డ ఉంటే, మళ్లీ సంబంధం కలుపుకునే ముందు జన్యు సలహా తీసుకోవడం వంశాన్ని తప్పుపట్టడం కాదు.

చెవిలో చీము కారడాన్ని "వేడి చేసింది" అని వదిలేయకూడదు. అది చాలాసార్లు కర్ణభేరికి పడ్డ రంధ్రం, బాగుచేయించుకోవచ్చు. వదిలేస్తే ఇన్ఫెక్షన్ ఎముకలోకి, అరుదుగా మెదడు దాకా పాకుతుంది. వేడి నూనె, పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ ఏవీ వద్దు. గులిమి చెవిని కాపాడేది, చాలామందిలో తనంతట తానే బయటికి వస్తుంది. అడ్డంపడితే డాక్టరు తీస్తారు.

ఒక గడువు మాత్రం ఎవరికీ తెలియదు, తెలిసి తీరాలి. పొద్దున లేచేసరికి ఒక చెవి మూగబోయింది, హోరు పెడుతోంది. జలుబనుకుని, చుక్కలు వేసుకుని వారం గడిపేస్తారు. 72 గంటల్లోపు ఇలా చెవి పడిపోవడం అత్యవసర పరిస్థితి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, ఎంత ముందైతే అంత మంచిది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి అదే రోజు వెళ్లాలి.

పెద్దవారిలో కథ నెమ్మదిగా నడుస్తుంది. 60 దాటినవారిలో నాలుగో వంతుకు పైగా ఇబ్బందిపెట్టే స్థాయి వినికిడి లోపం ఉంటుంది. ఒక ఆడియోగ్రామ్ కాగితం ఊహించండి. కుడి చెవి ఎర్ర సున్నాలు, ఎడమ చెవి నీలి ఇంటూలు. గుర్తు ఎంత కిందికి ఉంటే అంత ఎక్కువ లోపం. రెండింటిలో మెరుగైన చెవి అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: 500 హెర్ట్జ్ దగ్గర 25, 1000 దగ్గర 30, 2000 దగ్గర 45, 4000 దగ్గర 65. కూడి నాలుగుతో భాగిస్తే 41. కాగితం మీద ఎడమ వైపు, అంటే తక్కువ హెర్ట్జ్ దగ్గర, గీత దాదాపు బాగానే ఉంది కాబట్టి అచ్చులు వినబడతాయి, గొంతు వినబడుతుంది. కుడివైపు, ఎక్కువ హెర్ట్జ్ దగ్గర, గీత జారిపోయింది కాబట్టి క, త, ప, స జారిపోతాయి. "పాలు" అన్నారో "కాలు" అన్నారో తెలియదు. అందుకే "వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు" అంటారు. ఇంట్లోవాళ్లు దాన్ని "తనకు కావలసినవి వినబడతాయి" అని వెక్కిరిస్తారు. ఆ మాట చాలా గాయం చేస్తుంది, పైగా అబద్ధం.

ఈ 41 సగటును ప్రపంచ ఆరోగ్య సంస్థ మధ్యస్థ లోపం అంటుంది. వారి లెక్కలో 20 దాటితే స్వల్పం, 35 దాటితే మధ్యస్థం, 80 దాటితే అతి తీవ్రం. 2016 నాటి మన దివ్యాంగుల హక్కుల చట్టంలో వినికిడి లోపం మొదలయ్యేది రెండు చెవుల్లోనూ 60 దగ్గర. 70 చేరితే చెవుడు. 35కూ 60కూ మధ్య ఉన్న మనిషి ఉద్యోగంలో, బ్యాంకులో, ఆసుపత్రి కౌంటరు దగ్గర రోజూ ఇబ్బంది పడతారు, వైకల్య ధ్రువపత్రం కోసం సదరం క్యాంపుకు వెళితే ఖాళీ చేతులతో వస్తారు. పింఛను సంగతి పక్కన పెట్టండి, ఈ మధ్యస్థులకు కనీసం మిషన్ అయినా అందేలా ఆ హద్దు మార్చాలి.

మా పెద్దమ్మకు మిషన్ పెట్టిన సాయంత్రం ఆమె మొదట అడిగింది "ఏమిటే ఈ రొద?" అని. ఫ్యాన్. తర్వాత తన గాజులు చూసుకుంది, అవి చప్పుడు చేస్తున్నాయి. పోపులో ఆవాలు చిటపటమంటే వెనక్కి తగ్గింది. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడ్డ మెదడుకు ప్రతి చప్పుడూ పెద్దదే. నాలుగు రోజులకు మిషన్ బీరువాలోకి వెళ్లింది. మళ్లీ ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళితే ఆయన సౌండు తగ్గించి, మొదట రోజుకు గంట, అదీ ఇంట్లో ఒక్కరితో మాట్లాడేటప్పుడే అన్నారు. అలా పెంచుకుంటూ పోతే ఇప్పుడు పడుకునేటప్పుడు తీస్తుంది. మిషన్ కొన్న డబ్బులో సగం విలువ ఆ తర్వాతి రెండు మూడు సర్దుబాట్లలో ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే చవక శబ్దవర్ధకం అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచుతుంది. అసలు మిషన్‌ను మీ కాగితం మీది 25కూ 65కూ తగినట్టు విడివిడిగా సర్దుతారు.

ఇక చిన్న సంగతులు. జింక్ ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ పీకిన క్షణం నుంచి ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాడబోయేటప్పుడే పీకాలి. కోస్తా ఉక్కపోతలో రాత్రిపూట మిషన్‌ను సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచాలి. మాట్లాడేవారు అరవకూడదు, అరిస్తే హల్లులు ఇంకా చెదిరిపోతాయి. ముఖం కనబడేలా, వెలుగులో, టీవీ ఆపి, మామూలు గొంతుతో మాట్లాడాలి. అర్థం కాకపోతే అదే వాక్యం మూడోసారి చెప్పకుండా వేరే మాటల్లో చెప్పాలి.

మతిమరుపుతో లింకు గురించి చాలామంది అడుగుతారు. 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు సంబంధించి మార్చగల 14 కారణాలు చెప్పింది. వినికిడి లోపం వాటా 7 శాతం. 2023లో వెలువడిన అచీవ్ అధ్యయనంలో 70 నుంచి 84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు గమనించారు. అందరినీ కలిపి చూస్తే మిషన్ల వల్ల స్పష్టమైన తేడా కనబడలేదు. మతిమరుపు ముప్పు ముందే ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆలోచనా శక్తి క్షీణత వేగం 48 శాతం తగ్గింది. కాబట్టి మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదని అమ్మేవారిని నమ్మవద్దు. మనుషుల మధ్య మిగిలి ఉండటానికి పెట్టుకోండి, ఆ కారణం చాలు.

పుట్టుకతో వినబడనివారందరికీ మిషనే దారి అనుకోవడమూ పొరపాటే. ఎందరికో సైగల భాషే తల్లిభాష, దానికి సొంత వ్యాకరణం ఉంది. 2015లో ఏర్పడిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3 వేల పదాలతో మొదలుపెట్టిన నిఘంటువు 2021కి 10 వేలకు చేరింది. బిడ్డ ఇంప్లాంట్‌తో మాట్లాడినా, చేతులతో మాట్లాడినా, తొలి ఏళ్లలో ఏదో ఒక భాష పూర్తిగా అందాలి. అసలు నష్టం ఏ భాషా అందకపోవడం.

ఇంట్లో 60 దాటినవారుంటే, ఏడాది దాటినా మాట రాని బిడ్డ ఉంటే, రోజూ మోతలో పనిచేసేవారుంటే ఒకసారి పరీక్ష చేయించండి. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి గానీ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం గానీ, మీ జిల్లా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగం గానీ, ఎక్కడైనా సరే. ఆడియోగ్రామ్‌కు అరగంట పడుతుంది. ఆ కాగితం దాచుకోండి, వచ్చే ఏడాది పోల్చి చూసుకోవడానికి అది కావాలి.